తెల్ల కండె

శనివారం టీ వేళ ఓనరు తనంతట తానే కుట్టుహాల్లోకి వచ్చి, టాకు పిన్ని మిషను మీద రెండు సినిమా టిక్కెట్లు పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా నవ్వాడు కూడా. ఆయన నవ్వు ఆ హాల్లో ఎవరికీ అలవాటు లేదు. అందుకే మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి.

"రేపు మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళి చూసి రామ్మా. మా బావమరిది కొన్న సినిమా. సోమవారం నువ్వు ఏ కండె పెడతావో అని పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు."

కండె సంగతి ఆ వీధిలో కుట్టుపని చేసే ప్రతి మనిషికీ తెలుసు. ఆదివారం కొత్త సినిమా చూసొచ్చి, సోమవారం పొద్దున్నే టాకు పిన్ని తన మిషను దారం స్టాండు కొసకి ఒక కండె తగిలిస్తుంది. తెల్ల దారం కండె అయితే ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చు. పసుపుదైతే టీవీలో వచ్చేదాకా ఆగొచ్చు. నల్లదైతే ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కోవడం మేలు. పక్క షెడ్ల వాళ్ళు సైతం భోజనాల వేళ కిటికీలోంచి తొంగి చూసి పోతారు. సినిమా టాకు చెప్తుంది కాబట్టే టాకు పిన్ని. ఆవిడకి అసలు పేరు ఏదో ఉంది గానీ, జీతం పుచ్చుకునే రోజున తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు.

ఓనరు వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించాడు. "సూపర్‌వైజరమ్మ మానేస్తోంది, తెలుసుగా. ఆ కుర్చీలో నలుగురూ మాట వినే మనిషి ఉంటే బాగుంటుందని నా ఆలోచన."

గొంతు తగ్గించి ఏం లాభం? మిషన్లన్నీ ఆగి ఉన్నాయాయె. హాలు మొత్తం విన్నది.

పిన్ని పక్కకి చూడలేదు. పక్కన, కిటికీ దగ్గర, ముక్కాలి పీట మీద కాజాలక్క కూర్చుని ఉంది. మిషను సూది దిగని మందపు కోట్లకు చేత్తో కాజాలు వేసేది ఆవిడ ఒక్కతే. షెడ్డుకి రేకులు వెయ్యకముందు నుంచీ ఉన్న మనిషి. ఆ కుర్చీ ఖాళీ అయితే ఆవిడదేనని అందరూ ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఆవిడ తల ఎత్తకుండా, ఒళ్ళోని కోటు అంచుని బొటనవేలితో తడుముకుంటోంది. కాసేపటికి, పీలిక గుడ్డకి గుచ్చిన సూది, దానితో పాటు దారప్పోగు, మిషను బల్ల అంచు మీదుగా పిన్ని వైపు జరిగాయి. పిన్ని ఎడమచేత్తో అందుకుని, బల్ల కిందే దారం ఎక్కించి, మళ్ళీ జరిపింది. మాటా లేదు, చూపూ లేదు. ఏడాదిగా ఇలాగే సాగుతోంది. కాజాలక్కకి చూపు ఆనడం లేదన్న సంగతి ఆ సూదికీ, పిన్నికీ తప్ప మూడో ప్రాణికి తెలియదు. తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కిందటేడు బొత్తాలు కుట్టే ఆవిణ్ణి కళ్ళజోడు చూసిన మర్నాడే ఇంటికి పంపేశారు.

"ఏంటి పిన్నీ, ఈ మధ్య నీ చెయ్యి ఊరికే అటు వెళ్తోంది?" అంది ముందు మిషను మీద కాలర్లు కుట్టే ఆవిడ. కాలర్లావిడ కళ్ళు కాలర్ల మీద తప్ప అన్నిటి మీదా ఉంటాయి.

"దారం ముక్క పడిందేమోనని తుడుస్తున్నాలే. నీకెందుకు?"

భోజనాల దగ్గర కాలర్లావిడే మళ్ళీ అందుకుంది. "ఇంకేం, టిక్కెట్లొచ్చాయి, కుర్చీ వస్తోంది. తెల్ల కండె ఇప్పుడే తగిలించెయ్ పిన్నీ, ఆదివారం హాయిగా నిద్రన్నా పోవచ్చు."

అందరూ నవ్వారు. పిన్నికి చిర్రెత్తుకొచ్చింది. లేచి వెళ్ళి, సొరుగులోంచి నల్ల కండె తీసుకొచ్చి, అన్నం డబ్బాల మధ్య ఠక్కున పెట్టింది.

"ఆ హీరో సినిమాలు నేను చూడనివా? కిందటి దాంట్లో నలభై మందిని చితక్కొట్టాడు, చొక్కా చంక దగ్గర ఒక్క కుట్టు పిగల్లేదు. అంతకు ముందు దాంట్లో హీరోయిన్ పూట గడవని పిల్ల, జాకెట్టు మాత్రం ఒంటి మీద పోతపోసినట్టుంటుంది. కొలతలు తీసుకుని కుట్టిందెవరట, మనమా? ఇదిగో నల్లది. ముందే తీసి పెడుతున్నా. సోమవారం దీన్నే తగిలిస్తాను, చూడండి."

నవ్వులు ఈసారి పిన్ని పక్షాన లేచాయి. కాజాలక్క మాత్రం డబ్బా మూత పెడుతూ, "చూడకుండానే తీర్పేంటే? సినిమా అన్నాక కాస్త చూసి చెప్పు" అంది. అయినా ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు కోసమైనా నల్ల కండె పెట్టి తీరాలని పిన్ని గట్టిగా అనుకుంది.

ఆదివారం మ్యాట్నీకి అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. అత్తకి కొత్త సినిమాలంటే పడదు. పడదని చెప్పడానికైనా ప్రతిదీ చూస్తుంది.

"మా రోజుల్లో హీరో ఒకణ్ణి కొడితే, పడ్డవాడు లేచాడా లేదా అని చూసేవాళ్ళం," అంది తెర మీద మొదటి కొట్లాట సాగుతుండగానే. "వీళ్ళల్లో ఒక్కడి మొహమన్నా గుర్తుందా నీకు?"

"మీ రోజుల్లో మాత్రం? హీరోయిన్‌కి టైఫాయిడ్ వచ్చినా జడలో వెంట్రుక కదిలేది కాదు."

"జడ సంగతెందుకు? ఏడిస్తే ఏడుపు పూర్తయ్యేదాకా కెమెరా కూర్చునేది. ఇప్పుడు కన్నీళ్ళు కిందపడక ముందే ఇంకో ఊరికి పోతోంది."

అందులో నిజముందని పిన్నికి తెలుసు. పాత సినిమాలకి ఓపిక ఎక్కువ, కొత్తవాటికి చురుకు ఎక్కువ, రెండూ ఒకచోట దొరికే సినిమా కోసమే కదా తన ఆదివారాలన్నీ తగలేస్తోంది. ఇది మాత్రం అది కాదు. ఇంటర్వెల్ దాకా హీరో వస్తూనే ఉన్నాడు. నడిచి వచ్చాడు, దూకి వచ్చాడు, మంటల్లోంచి వచ్చాడు. చిరిగిన జేబు మరుక్షణంలో అతుక్కుపోయింది. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. నల్ల కండెకి ఇంతకంటే ఏం కావాలి? సోమవారం చెప్పాల్సిన మాటలు ఒక్కొక్కటే మనసులో పేర్చుకుంటూ కూర్చుంది.

ఇంటర్వెల్ అయ్యాక ఆ సీను వచ్చింది.

హీరో తల్లిగా వేసినావిడ ఒకప్పటి హీరోయినే. అత్తకి ప్రాణం. ఇప్పుడు తల నెరిసింది. కొడుకు దెబ్బలతో ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి అతన్ని ఏమీ అడగలేదు. చిరిగిన చొక్కా ఒళ్ళో వేసుకుని సూదీ దారం తీసింది. పాట లేదు, వెనక సంగీతం లేదు. దారం కొస నోట్లో తడిపి, సూదిని కిటికీ వెలుగుకి పట్టింది. తప్పింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తప్పింది. కొడుకు ఒక అడుగు ముందుకి వేశాడు. ఆవిడ అతని వైపు చూడకుండానే వద్దని చెయ్యి ఎత్తింది. ఎవరూ చూడకూడని పని ఎవరో చూసేశారని ఆవిడ మొహం కందిపోయింది. వెనక వరసల్లోంచి ఎవడో ఈల వేసి, "కానియ్యమ్మా, ఫైటుంది" అని అరిచాడు. కెమెరా కదల్లేదు. దారం చివరికి ఎక్కింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని, ఆ సంగతి కొడుక్కి తెలియకుండా తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది.

పిన్నికి తెర మీద ఉన్నది కాజాలక్కే. ఏడాదిగా బల్ల కింద సూది అందుకుంటూ, ఒక్కసారి కూడా తను తల తిప్పి ఆ మొహం చూడలేదు. చూస్తే ఇలాగే ఉండేదేమో. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఏంటే, ఇందులో చచ్చినవాళ్ళెవరూ లేరుగా?" అంది అత్త కంగారుగా.

ఆ తర్వాత మళ్ళీ మంటలు, మళ్ళీ కొట్లాటలు. పిన్నికి అవేవీ ఎక్కలేదు.

ఇంటికి వచ్చే దారిలో అత్తే అడిగింది.

"నచ్చిందా?"

"ఆ ఒక్క సీను కోసం ఇంకోసారి వెళ్ళమన్నా వెళ్తానత్తయ్యా. రేపు తెల్ల కండె పెట్టాలి. అదే వచ్చింది చావు."

"పెట్టు. ఏం రోగం?"

"తెల్లది పెడితే కుర్చీ కోసం అమ్ముడుపోయిందంటారు."

"నల్లది పెడితే?"

"అమ్ముడుపోలేదంటారు."

"మరి సినిమా గురించి అనేదెవరు?" అంది అత్త.

పిన్ని పసుపుది పెట్టి గోడమీద పిల్లిలా కూర్చుందామా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కుర్చీ ఆశ లేదా అంటే, ఉంది. పొద్దుట మిషను ముందు కూర్చున్న నడుము సాయంత్రానికి తనది కాకుండా పోతోంది. ఆ కుర్చీకి వీపు ఆన్చుకునే చెక్క ఉంది. ఆ చెక్కని తలుచుకుని తను ఎన్నిసార్లు నిట్టూర్చిందో దేవుడికే తెలుసు.

సోమవారం అందరికంటే ముందే వచ్చింది. శనివారం భోజనాలయ్యాక తన బల్ల మీద పెట్టుకున్న నల్ల కండె అలాగే ఉంది. దాన్ని సొరుగులో వేసి, తెల్లది తీసి స్టాండు కొసకి తగిలించింది. 

ఒక్కొక్కరే వచ్చారు. చూశారు. ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చున్నారు. రోజూ సంతలా ఉండే హాల్లో మిషన్లకి నూనె పోస్తున్న చప్పుడు కూడా వినపడుతోంది.

కాలర్లావిడే మొదలుపెట్టింది. "ఏ సీను నచ్చింది పిన్నీ? చెప్పు మరి. ఎప్పుడూ గంటల తరబడి చెప్తావుగా."

పిన్ని నోరు తెరిచింది. నాలుక చివర దాకా వచ్చింది. అదే క్షణంలో పీలిక గుడ్డకి గుచ్చిన సూది బల్ల అంచు మీదుగా తన వైపు జరిగి ఆగింది. చూపు ఆనని ఆడమనిషి సూదిలో దారం ఎక్కించే సీనని చెప్తే, ఈ కాలర్లావిడ కళ్ళు తిన్నగా ఎక్కడికి పోతాయో చెప్పక్కర్లేదు.

"తల్లి పాత్ర బాగుంది," అంది.

"అంతేనా?"

"అంతే."

"అంతేనట," అంది కాలర్లావిడ హాలంతటికీ చెప్తున్నట్టు. "సూపర్‌వైజరమ్మగారు అప్పుడే మాటలు పొదుపుగా వాడుతున్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఎడమచెయ్యి సూది కోసం బల్ల అంచుకి వెళ్ళింది. అక్కడ సూది లేదు. కాజాలక్క దాన్ని వెనక్కి తీసేసుకుంది.

"కుర్చీ కావాలంటే నాతో ఒక్క మాట చెప్తే పోయేదిగా," అంది ఆవిడ, పిన్నికి మాత్రమే వినపడేలా. "నేనే తప్పుకునేదాన్ని. దానికి సినిమాని ఎందుకు మధ్యలోకి లాగడం?"

"అక్కా, నాకు నిజంగానే నచ్చింది."

"నచ్చితే ఎందుకు నచ్చిందో చెప్పేదానివి. నిన్ను ఎరగనిదాన్నా?"

పిన్ని గుడ్ల నీరు కుక్కుకుని తొక్కుడు పలక మీద కాలు వేసింది.

మధ్యాహ్నం ఓనరు గదిలోకి పిలుపు వచ్చింది. బావమరిది అక్కడే ఉన్నాడు. మెళ్ళో ఎర్ర తువ్వాలు, చేతిలో ఫోను. మామూలు జనం మాట వీడియో తీసి అందరికీ పంపిస్తాడట. గుమ్మం దగ్గర కాలర్లావిడ తన వంతు కోసం జుట్టు సర్దుకుంటూ నిలబడి ఉంది.

"హీరో గురించి చెప్పండి పిన్నీ, దుమ్ము లేచిపోవాలి," అన్నాడు బావమరిది.

"హీరో ఉన్నంతసేపూ నాకు నల్ల కండే. ఆ తల్లి ఉన్న కాసేపటికే తెల్లది పెట్టాను."

బావమరిది ఫోను దించాడు. "అబ్బే, అది కత్తిరించేద్దాం. మళ్ళీ చెప్పండి."

"మీరు కత్తిరించుకోండి బాబూ. నేను మాత్రం మళ్ళీ కుట్టలేను."

ఓనరు మొహంలో శనివారం నాటి నవ్వు ఆనవాలు కూడా లేదు. "ఏమ్మా, నీకా కుర్చీ అక్కర్లేదా?"

 అబద్ధం ఆడితే బాగుండేది, కానీ పిన్నికి ఆడాలనిపించలేదు. "కావాలి సార్. నడుము పడిపోతోంది. కానీ అది కాజాలక్కది. ఆవిడుండగా నేను కూర్చుంటే నాకు ముద్ద దిగదు."

పిన్ని బయటికి వస్తుంటే కాలర్లావిడ పక్కకి తప్పుకుంది. అంతా విన్నదని ఆవిడ మొహమే చెప్తోంది. హాల్లోకి వెళ్ళి ఒక్క ముక్క చెప్తే చాలు, పిన్ని పరువు నిలబడేది. కాలర్లావిడ చెప్పలేదు. లోపలికి వెళ్ళి, "హీరో అదరగొట్టాడు, పిల్లాపాపలతో చూడాల్సిన సినిమా" అని ఫోను నిండా నవ్వింది. ఆ గొంతు హాలు దాకా వినపడింది.

మంగళవారం పిన్ని తన జీవితంలో అంత పొడుగు రోజు చూడలేదు. పక్కన కాజాలక్క సూదితో ఒక్కతే కుస్తీ పడుతోంది. కోటుని మొహం దాకా ఎత్తుకుని, దాని చాటున దారం ఎక్కించుకోవాలని చూస్తోంది. తప్పుతోంది. దారం కొస విచ్చుకుపోతే కొరికి మళ్ళీ పడుతోంది. ఒకసారి సూది వేలిలో దిగి, బూడిదరంగు కోటు లోపలి గుడ్డ మీద చిన్న ఎర్ర మరక పడింది. ఆవిడ ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ఉమ్ముతో తుడిచింది. పిన్ని ఎడమచెయ్యి బల్ల అంచు మీదే పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఖాళీగానే ఉండిపోయింది. సాయంత్రానికి కోటు పూర్తి కాలేదు. మానేస్తున్న సూపర్‌వైజరమ్మ వచ్చి, "ఏంటి, మీకూ ఆలస్యమేనా?" అంటే కాజాలక్క నీళ్ళు నమిలింది.

ఇంటికి వెళ్ళి పిన్ని అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "ఆ కండె తీసి అవతల పారేస్తానత్తయ్యా. నాకెందుకొచ్చిన టాకు?"

"పారేస్తే నువ్వే ఒప్పుకున్నట్టు," అంది అత్త. "ఉండనీ. కంచం ముందుకి రా."

బుధవారం మధ్యాహ్నం నుంచి కాజాలక్క పీట ఖాళీగా ఉంది. తలనొప్పని చెప్పి సెలవు పెట్టిందట.  సగం వేసిన కాజాల కోటు పీట మీద మడిచి ఉంది. ఇక రాదేమో, తనే మానేసిందేమో అనుకుంటూ, పిన్ని ఒక చొక్కా చేతిని తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది.

గురువారం ఓనరు వచ్చి, ఇకమీదట కాలర్లావిడ సూపర్‌వైజరని చెప్పి వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొందరు కొట్టారు. కాలర్లావిడ వీపు చెక్క ఉన్న కుర్చీలో కూర్చుంది గానీ, వీపు ఆన్చలేదు. పిన్ని వైపు చూడలేక కత్తెర అటూ ఇటూ జరుపుతోంది.

అప్పుడే కాజాలక్క వచ్చింది. పీట మీద కూర్చుంది. కోటు ఒళ్ళో వేసుకుంది. సూదీ దారం తీసింది. పీలిక గుడ్డ తియ్యలేదు. సూదిని అందరికీ కనపడేంత ఎత్తున పట్టుకుంది.

"ఏమే, ఈ దారం ఎక్కించు. నాకు కనపడి చావట్లేదు."

మిషన్లు ఆగాయి. పిన్ని ఆవిడ చెయ్యి దించబోయింది. "అక్కా, ఏంటిది, మెల్లగా."

"మెల్లగా ఎందుకు? ఏడాదై నువ్వేగా ఎక్కిస్తున్నావు." ఆవిడ గొంతు తగ్గించలేదు. "నిన్న నీ సినిమాకి వెళ్ళాను. నాకు నచ్చలేదు."

పిన్ని సూది అందుకుంది. ఈసారి బల్ల కింద కాదు. తల తిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. తెర మీద చూసిన మొహమే. అయితే ఇది తల వంచుకోలేదు.

"ఎందుకు నచ్చలేదట?"

"దారం అంతసేపు నోట్లో నానబెడితే ఎక్కుతుందా? కొస ఏటవాలుగా కత్తిరించుకోవాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదా? పైగా కన్నకొడుకు సాయానికి వస్తే వద్దని చెయ్యెత్తుతుందా? ఏం పొగరది?"

"నువ్వు మాత్రం? మంగళవారం నాకు సూది ఇచ్చావా?"

"అందుకే నచ్చలేదన్నాను," అంది కాజాలక్క. కళ్ళు ఒత్తుకుంది. "ఆ సీనని చెప్పి చావచ్చుగా. అన్ని మాటలు పడ్డావు."

"ఎలా చెప్పను?"

 అందరి తలలూ కుర్చీ వైపు తిరిగాయి. చూపు ఆనని మనిషి గురించి ఓనరుకి చెప్పడం ఇప్పుడు ఆ కుర్చీ పని. కాలర్లావిడ లేచింది. ఇద్దరి దగ్గరికీ వచ్చి నిలబడి, కోటు చేతిలోకి తీసుకుని, నిన్నటిదాకా వేసిన కాజాలని గోటితో ఒక్కొక్కటే నొక్కి చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఎర్ర మరక దగ్గర వేలు ఒక్కక్షణం ఆగింది. కోటు మడిచి కాజాలక్క ఒళ్ళోనే పెట్టింది.

"ఏ సీను?" అంది చిన్నగా.

పిన్ని తెల్లబోయింది. "నువ్వు చూళ్ళేదా? వీడియోలో అన్ని కబుర్లు చెప్పావు."

"ఎక్కడ చూశాను? పిల్లలకి జ్వరాలు." కాలర్లావిడ మొహం ఎర్రబడింది. "ఆ గదిలో నువ్వన్న మాట కూడా నేను ఎవరికీ చెప్పలేదు పిన్నీ."

"ఏ మాట?" అంది కాజాలక్క.

పిన్ని తల అడ్డంగా ఊపింది. కాలర్లావిడ ఆగలేదు. కుర్చీ వద్దని, అది కాజాలక్కదని పిన్ని ఓనరు మొహం మీదే అన్న మాట, అందరి ముందూ చెప్పేసింది. చెప్పి, అక్కడ నిలబడలేక వెళ్ళి, సగం మూసి ఉన్న కిటికీ రెక్క పూర్తిగా తెరిచింది. ఎండ వచ్చి కాజాలక్క ఒళ్ళో కోటు మీద పడింది.

"ఇక్కడ వెలుతురు చాలట్లేదు," అంది కాలర్లావిడ ఎవరితోనో అన్నట్టు. "ఓనరు అడిగితే నేనదే చెప్తాను."

మిషన్లు మళ్ళీ కదిలాయి. పిన్ని దారం ఎక్కించిన సూదిని కాజాలక్కకి ఇచ్చింది. ఆవిడ బొటనవేలితో అంచు తడుముకుని మొదటి కుట్టు వేసింది. పిన్ని లేచి, స్టాండు మీది తెల్ల కండె మీద చెయ్యి వేసింది.

"తీసెయ్యనా అక్కా? నీకు నచ్చలేదన్నావుగా."

"నీకు నచ్చిందిగా," అంది కాజాలక్క, తల ఎత్తకుండా. "ఉండనీ."